ఆరుగురిలో ఎవరికెంత? పోకెమాన్ జట్టు మీద మీ ప్రశ్నలు, బరంపురం నుంచి జవాబులు

బరంపురం పాత బస్టాండు దగ్గర నాది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. మా నాన్నది పట్టు మగ్గం. నాకు మగ్గం అబ్బలేదు, సోల్డరింగు అబ్బింది. సాయంత్రం ఆరు దాటితే కొట్టు ముందు బెంచీ మీద పిల్లలు చేరతారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా, చేతిలో పోకెమాన్. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: జట్టు ఎలా కట్టాలి, దానిచేత సాధన ఎలా చేయించాలి. అందుకని మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. ఛార్జింగు ఎక్కని ఫోన్లవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

పోకెమాన్ అంటే వింత జీవుల్ని పట్టి, పెంచి, జట్టు కట్టి పోరాడించే వీడియో ఆట. అందులో మాటిమాటికీ వచ్చే రెండు మాటలు ముందే చెప్పేస్తాను. ప్రతి పోకెమాన్‌కీ ఆరు గుణాలు: ప్రాణం, దాడి, రక్షణ, ప్రత్యేక దాడి, ప్రత్యేక రక్షణ, వేగం. పుట్టుకతో వచ్చేది ఐవీ, ఒక్కో గుణానికి 0 నుంచి 31 దాకా. సాధనతో వచ్చేది ఈవీ. ఈవీ ఒక గుణంలో 252 దాటదు, ఆరింటికీ కలిపి 510 దాటదు. ఈ 510 దగ్గరే అసలు తగువంతా.

ప్రశ్న: అన్నా, నా చారిజార్డ్ 100వ లెవెల్. మా ఫ్రెండు గార్చోంప్ 62వ లెవెలే. పోటీ ఆట పెట్టుకుంటే ప్రతిసారీ వాడిదే ముందు దెబ్బ. రెయిడ్లలో వచ్చిన క్యాండీలన్నీ దీనికే తినిపించాను. పోకెమాన్ స్కార్లెట్ ఆటలో ఏమైనా లోపం ఉందా?
ప్లస్ టూ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: లోపం ఆటలో లేదు తమ్ముడూ, క్యాండీలో ఉంది. పోటీ ఆటలో అందరినీ 50వ లెవెల్‌కి తెచ్చి నిలబెడతారు. నువ్వు కష్టపడి ఎక్కించిన పై యాభై మెట్లూ అక్కడ లెక్కలోకి రావు. క్యాండీతో లెవెల్ పెరుగుతుందే కానీ ఈవీ ఒక్కటీ రాదు. అంటే నీ చారిజార్డ్ ఒక్క రోజు కూడా వ్యాయామం చేయకుండా పెళ్ళిభోజనాలు తిని పెరిగిన కుర్రాడన్నమాట.

అంకెలు చూడు. చారిజార్డ్ మూల వేగం, అంటే ఆ జాతికంతటికీ ఒకటే ఉండే అంకె, 100. పుట్టుకతో 31 పూర్తిగా ఉందనుకుందాం. 50వ లెవెల్లో ఈవీ సున్నా అయితే వేగం 120. ఉన్న 510 ఈవీలనీ ఆరు గుణాలకీ సమానంగా పంచితే 131. ఒక్క వేగానికే 252 పోస్తే 152. దాని మీద స్వభావం వేగం పెంచే టిమిడ్ అయితే పదిశాతం కలిసి 167. పోకెమాన్ అదే, లెవెల్ అదే, 120కీ 167కీ మధ్య 47 తేడా.

అయితే ఇంకో చేదు మాట కూడా విను. గార్చోంప్ మూల వేగం 102. వేగం పెంచే జాలీ స్వభావం, వేగంలో 252 పెడితే 169. నువ్వు చేయగలిగిందంతా చేశాక కూడా వాడు నీకంటే రెండు ముందుంటాడు. అప్పుడు వేగం కోసం ఏడవడం మానేసి వేరే దారి వెతుక్కోవాలి. గార్చోంప్ ఎర్త్‌క్వేక్ నీ చారిజార్డ్‌ని తాకదు, ఎగిరే జాతి కదా. రాక్ స్లైడ్ తగిలిందా, నాలుగింతల దెబ్బ. మీవాడు కొడుతున్నది అదే అయ్యుంటుంది. ఇద్దరేసి దిగే పోటీ కాబట్టి పక్కన మంచు దెబ్బ కొట్టే తోడుని పెట్టుకో, గార్చోంప్‌కి మంచు నాలుగింతలు. లేదంటే టెయిల్‌విండ్ అనే ఎత్తు వేసే తోడు, నాలుగు వంతుల (టర్నుల) పాటు మీ వైపు వేగం రెట్టింపు. చాయిస్ స్కార్ఫ్ కడితే వేగం ఒకటిన్నర రెట్లు అవుతుంది కానీ ఒకే దెబ్బకి కట్టుబడిపోతావు. నాకది నచ్చదు.

సాధన ఎలా అంటావా, రెండు దారులు. కార్బోస్ లాంటి మందు సీసా ఒక్కోటీ 10 ఈవీ ఇస్తుంది, ఆటలో ధర 10,000. 252కి 26 సీసాలు, అంటే 2,60,000. రెండు గుణాలకి 5,20,000. రెండో దారి, పవర్ యాంక్లెట్ కాలికి కట్టి మాజికార్ప్‌లని ఓడించడం. మాజికార్ప్ ఒక్కటి ఓడితే వేగంలో 1 ఈవీ, యాంక్లెట్ వల్ల ఇంకో 8, వెరసి 9. తొమ్మిది ఇరవై ఎనిమిదులు 252. ఇరవై ఎనిమిది చేపలతో పని అయిపోతుంది.

మీకింత తేలిక. నేను నేర్చుకున్నది ఇంటర్నెట్ సెంటరు కంప్యూటర్లో ఎవరో ఎక్కించి పెట్టిన ఫైర్‌రెడ్ అనే పాత పోకెమాన్ ఆట మీద. అందులో పాత గాలం వేస్తే మాజికార్ప్ తప్ప ఇంకోటి పడదు. యాంక్లెట్లు లేవు, ఈవీ ఎంతయిందో చూపించే బొమ్మ లేదు. మా నాన్న చీర అంచు డిజైన్లు గీసుకునే గళ్ళ కాగితం ఒకటి మడిచి జేబులో పెట్టుకెళ్ళేవాణ్ణి. చేప ఒకటి ఓడితే గడి ఒకటి నింపడం. అప్పట్లో గుణానికి 255 దాకా పట్టేది, నేను 255 గళ్ళూ నింపాను. 100వ లెవెల్లో ప్రతి నాలుగు ఈవీలకి ఒక పాయింటు, చివరి మూడూ దండగేనని తరవాత ఎప్పుడో తెలిసింది. ఓ రోజు ఆ కాగితం నాన్న చేతిలో పడింది. ఇటు తిప్పి అటు తిప్పి, "ఇదే అంచురా? కుంభం వంకరపోయింది" అన్నాడు. "చేప అంచు నాన్నా" అన్నాను. ఆయన ఇంకాసేపు దాన్ని సీరియస్‌గానే చూశాడు.

ప్రశ్న: బాబూ, మా వాడికి పదకొండేళ్ళు. వాడి లెక్కల నోటుబుక్కు వెనకాల పేజీలనిండా "252, 252, 4" అని, పక్కన "4, 252, 252" అని రాసి ఉంది. అడిగితే పోకెమాన్ అంటాడు. మా ఆయన ఇది మట్కా నంబరే అంటున్నారు. నిజం చెప్పు.
ఒక తల్లి, రాయగడ దగ్గర జేకేపూర్

జవాబు: అమ్మా, మట్కా కాదు. మీవారి అనుమానం చూసి కొట్టులో అందరం నవ్వుకున్నాం, క్షమించాలి. ఆయన తప్పేమీ లేదు, కాగితం చూస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఒక పోకెమాన్‌కి సాధన పాయింట్లు పంచిన తీరు అది. ఒక గుణానికి 252, ఇంకో గుణానికి 252, మిగిలిన నాలుగూ మూడోదానికి. కూడితే 508. మొత్తం 510 ఉండగా ఆ రెండూ ఎందుకు వదిలేశాడో మీ వాణ్ణి అడగండి. రెండు పాయింట్లతో ఏదీ కదలదని చెప్పాడంటే వాడికి విషయం తెలిసినట్టే. తరవాత ఇంకో ప్రశ్న వేయండి: "50వ లెవెల్లో ఎన్ని ఈవీలకి ఒక పాయింటు పెరుగుతుంది?" పుట్టుక విలువ 31 ఉన్నదానికి మొదటి పాయింటు 4తో వస్తుంది, ఆ పైన ప్రతి 8కి ఒకటి. అందుకే బాగా ముదిరినవాళ్ళు 252, 252, 4 అని ఊరుకోరు. 116, 76, 4 అని ఏవేవో రాస్తారు. మీ వాడు అలా రాయడం మొదలుపెడితే మీవారికి ముందే చెప్పి ఉంచండి.

డబ్బు సంగతి మాత్రం ఒక్కటి చూసుకోండి. ఫోనులో పోకెమాన్ గో ఆడుతుంటే దాని అంగట్లో నిజం డబ్బుతో కొనేవి ఉంటాయి. ఆ ఫోనులో మీ యూపీఐ, కార్డు వాడికి అందుబాటులో లేకుండా చేయండి. నోటుబుక్కు జోలికి వెళ్ళకండి.

ప్రశ్న: నా మొట్టమొదటి పోకెమాన్ ఇప్పుడు మియావ్‌స్కరాడా అయింది. పెట్టెలో చూస్తే వేగం దగ్గర "డీసెంట్" అని, ప్రాణం దగ్గర "నో గుడ్" అని చూపిస్తోంది. దాన్ని వదిలేసి కొత్తది పొదిగించుకోమంటున్నారు. నాకు మనసు రావట్లేదు.
తొమ్మిదో తరగతి, గుణుపురం

జవాబు: వదలొద్దమ్మా. "నో గుడ్" అంటే పుట్టుక విలువ సున్నా, "డీసెంట్" అంటే 1 నుంచి 15 లోపల, "బెస్ట్" అంటే 31. ఒకప్పుడైతే నీ స్నేహితులు చెప్పిందే దారి. గుడ్ల మీద గుడ్లు పొదిగించి, నచ్చనివన్నీ వదిలేసి... ఆ పాపం నేనూ చాలా మూటగట్టుకున్నాను. ఇప్పుడు 50వ లెవెల్‌కి చేరాక మాంటెనెవెరా ఊళ్ళో ఒకాయనకి బాటిల్ క్యాప్ ఇస్తే ఆ గుణాన్ని 31తో సమానం చేస్తాడు. బంగారు క్యాప్ ఇస్తే ఆరింటినీ ఒకేసారి. దీనికి ముందు వచ్చిన స్వోర్డ్, షీల్డ్ ఆటల్లో ఇదే పనికి 100వ లెవెల్ కావాల్సి వచ్చేది. స్వభావం నచ్చకపోతే పుదీనా ఉంది, జాలీ మింట్ ఒకటి 20,000. పుదీనా పచ్చడికి పనికొస్తుందని మన పెద్దవాళ్ళకి తెలుసు, గుణం మారుస్తుందని ఆటవాళ్ళు కనిపెట్టారు.

ఒక్క సంగతి గుర్తుంచుకో. క్యాప్‌తో వచ్చిన విలువ దాని పిల్లలకి దిగదు. గుడ్డుకి పాత సున్నానే వెళుతుంది. పిల్లల కోసమైతే తల్లిదండ్రుల్లో ఒకరికి డెస్టినీ నాట్ పట్టించు, ఇద్దరి విలువల్లోంచి ఐదు దిగుతాయి.

సున్నా అన్నది ఎప్పుడూ చెడ్డదనీ అనుకోకు. టార్కోల్ అని ఒక బొగ్గు తాబేలు ఉంది, మూల వేగం 20. దాన్ని పనిగట్టుకుని వేగంలో సున్నాతో, వేగం తగ్గించే స్వభావంతో పెంచుతారు. 50వ లెవెల్లో దాని వేగం 22. ఆ ఇరవై రెండు ఎవరి కొంప ముంచిందో కింద ఇచ్ఛాపురం ఉత్తరంలో చూడు.

ప్రశ్న: పోకెమాన్ గోలో నాకు నాలుగు చుక్కల, 15/15/15 ఉన్న అజుమరిల్ దొరికింది. గ్రేట్ లీగ్‌లో మామూలు అజుమరిల్ చేతిలో ఓడిపోతోంది. ఎందుకు?
కాలేజీ విద్యార్థి, జయపురం

జవాబు: ఆ ఆట లెక్క వేరు. అక్కడ పుట్టుక విలువలు దాడి, రక్షణ, ప్రాణం అని మూడే, ఒక్కోటీ 15 దాకా. గ్రేట్ లీగ్ పోటీలో సీపీ, అంటే మొత్తం బలం లెక్క, 1500 దాటకూడదు. సీపీ కట్టేటప్పుడు దాడిని ఉన్నదున్నట్టు గుణిస్తారు, రక్షణకీ ప్రాణానికీ వర్గమూలమే తీసుకుంటారు. అంటే దాడి ఎక్కువ ఉన్నది తొందరగా 1500కి చేరి ఆగిపోతుంది. దాడి విలువ సున్నాకి దగ్గరగా, మిగతా రెండూ 15కి దగ్గరగా ఉన్నది ఇంకా కొన్ని లెవెళ్ళు ఎక్కి, ఆ మేరకు గట్టిపడుతుంది. నీ నాలుగు చుక్కలది సీపీ హద్దు లేని మాస్టర్ లీగ్‌లో మెరిసే సరుకు. పాపం, అజుమరిల్‌కి అంత ఎత్తు లేదు.

ప్రశ్న: అన్నదమ్ములం. డ్రాగపుల్ట్, వీవిల్, గార్చోంప్, మియావ్‌స్కరాడా... మా జట్టులో ఆరుగురూ వేగంగా కొట్టేవాళ్ళే. అందరికీ దాడిలో 252, వేగంలో 252. అయినా ఎదుటివాడు ట్రిక్ రూమ్ వేశాడంటే మా పని అయిపోతోంది. ఎవరిని తీసి ఎవరిని పెట్టాలి?
ఇచ్ఛాపురం

జవాబు: మా కొట్టు భాషలో మీ జట్టుకి పేరుంది: అప్పడాల కట్ట. బరంపురం అప్పడాలు పేరుమోసినవి కాబట్టి చిన్నచూపు అనుకోకండి. కరకరలాడతాయి, వేలు తగిలితే విరుగుతాయి. కట్టలో ఆరూ అవే ఉంటే భోజనం కాదు.

ముందు ట్రిక్ రూమ్ సంగతి. అది వేసిన వంతుతో కలిపి ఐదు వంతులు ఉంటుంది. అది ఉన్నంతసేపూ నెమ్మదైనవాడిదే ముందు దెబ్బ. మీ గార్చోంప్ 169 వెనకాల నిలబడుతుంది, టార్కోల్ 22 ముందుకొస్తుంది. ప్రాణం నిండుగా ఉన్నప్పుడు టార్కోల్ ఎరప్షన్ బలం 150, ఎదుటి ఇద్దరికీ తగులుతుంది. అప్పడాలు వేగిపోవడానికి ఇంకేం కావాలి.

కానీ ట్రిక్ రూమ్‌కి ఒక బలహీనత ఉంది, మీరది వాడుకోవట్లేదు. ఆ ఎత్తు ఆ వంతులో అందరి ఎత్తులూ అయ్యాకే పడుతుంది. అంటే వేసేవాడిని మీ ఇద్దరూ కలిసి కొట్టడానికి వంతు మొత్తం మీదే. ఇద్దరి దెబ్బకీ పడకపోతే టాంట్ వేయండి, దాడి కాని ఎత్తులు వాడు వేయలేడు. ఫేక్ అవుట్‌తో బెదరగొట్టండి, బరిలోకి వచ్చిన మొదటి వంతులోనే పనిచేస్తుంది, దయ్యం జాతికి పనిచేయదు. తెలివైనవాడు ఫరిజిరాఫ్‌ని తెస్తాడు. దాని ఆర్మర్ టెయిల్ ఉండగా వాడి వైపు ఫేక్ అవుట్ పారదు. అప్పుడు టాంటే దిక్కు. అన్నీ తప్పి గది తిరగబడిందా, ఐదు వంతుల్లో ఒకటి అప్పుడే అయిపోయిందని గుర్తుంచుకోండి. ప్రొటెక్ట్ వేసి ఒకటి గడపండి, ఆడేవాణ్ణి మార్చి ఒకటి గడపండి. ప్రొటెక్ట్ వరసగా రెండోసారి వేస్తే మూడింట ఒక వంతే పారుతుంది, దాని మీద ఇల్లు కట్టకండి.

ఇక ఎవరిని తీయాలన్నది. ఆరుగురిలో నలుగురినే బరిలోకి దించుతారు, ఒక్కసారికి ఇద్దరు. ఆరుగురూ ఒకే పని చేస్తే నలుగురిని ఎంచుకునే పనే లేదు, ఎదుటివాడికి ఆలోచించే పని కూడా లేదు. మీ ఆరుగురిలో ఇద్దర్ని దించేసి ఇన్సినరోర్‌ని ఒకణ్ణి, అమూంగస్‌ని ఒకణ్ణి ఎక్కించండి. ఇన్సినరోర్ బరిలోకి రావడంతోనే ఎదుటి ఇద్దరి దాడీ ఒక మెట్టు దిగుతుంది, పైగా ఫేక్ అవుట్ ఉంది. అమూంగస్ పుట్టగొడుగు, మూల వేగం 30. ట్రిక్ రూమ్‌లో ఎదుటివాడి గదినే మీరు వాడుకుంటారు. దాని స్పోర్ తప్పకుండా నిద్రపుచ్చుతుంది, గడ్డి జాతినీ సేఫ్టీ గాగుల్స్ పెట్టుకున్నవాణ్ణీ ఇంకా కొద్దిమందినీ తప్ప.

అప్పుడొస్తుంది అసలు ప్రశ్న: అమూంగస్‌కి 252 ఎక్కడ పోస్తారు? వేగంలో కాదు కదా. ఇక్కడే మీ అలవాటు మారాలి. ఈవీ పెట్టే ముందు ఎవరి పేరైనా చెప్పండి. "ఇది ఫలానావాడి కంటే ఒక్క అడుగు ముందుండాలి." "ఇది ఫలానా దెబ్బ ఒక్కటి తట్టుకోవాలి." పేరు చెప్పలేకపోతే ఆ పాయింటు అక్కడ పెట్టకండి. మా నాన్న పడుగు తోడేటప్పుడు ఒక్కో పోగూ ఏ అంచులోకి పోతుందో ముందే చెప్పేవాడు. నేను నవ్వేవాణ్ణి, ఇప్పుడు ఇదే పని చేస్తున్నాను.

2014లో వాషింగ్టన్ డీసీలో జరిగిన ప్రపంచ పోటీ సంగతి మా బెంచీ మీద వారానికోసారి వస్తుంది. కొరియాకి చెందిన సేజున్ పార్క్ పచిరిసుతో గెలిచాడు. పచిరిసు అంటే కరెంటు ఉడత, దాడి మూల విలువ 45. చూసినవాళ్ళు ఎవరైనా అప్పడం కూడా కాదు, అప్పడం పొడి అంటారు. కానీ అతని జట్టులో గ్యారడోస్ ఉంది. నీరు, ఎగిరే జాతి రెండూ కాబట్టి దానికి కరెంటు నాలుగింతలు. ఈ ఉడత ఫాలో మీ వేసి, ఎదుటివాళ్ళు ఒక్కరికే గురిపెట్టిన దెబ్బల్ని తన మీదికి లాక్కుంటుంది. కరెంటు దెబ్బ తగిలితే దాని వోల్ట్ అబ్జార్బ్ వల్ల గాయం కాకపోగా ప్రాణం పెరుగుతుంది. సూపర్ ఫాంగ్‌తో ఎంత పెద్దవాడికైనా ఉన్న ప్రాణంలో సగం కొరికేస్తుంది, దానికి తన దాడి విలువతో పనే లేదు. ఆ ఉడతకి ప్రతి పాయింటూ ఎవరి కోసమో తెలిసి పెట్టింది. మీ జట్టులో అలాంటి ఒక్కణ్ణి ఎంచుకుని ఈసారి రైల్లో వచ్చేటప్పుడు తీసుకురండి, ఘుగ్ని నేను పెట్టిస్తాను.

ప్రశ్న: మాకు ఇంగ్లీషు అంతగా రాదు. ఆట తెలుగులోకి గానీ ఒరియాలోకి గానీ మార్చుకోవచ్చా?
కాశీనగర్, గజపతి జిల్లా

జవాబు: స్కార్లెట్, వైలెట్ ఆటల్లో జపనీసు, కొరియను, చైనీసు, ఇంగ్లీషుతో పాటు ఐరోపా భాషలు కొన్ని ఉన్నాయి, మనవి లేవు. బెంచీ మీద మేం చేసే పని చెబుతాను. ఎత్తులకి మనమే పేర్లు పెట్టుకోవడం. ప్రొటెక్ట్ మాకు "గొడుగు". ఫేక్ అవుట్ "ఉలికిపాటు". ఫాలో మీ "నాకేసి చూడు". ట్రిక్ రూమ్ "తలకిందులు". టెయిల్‌విండ్ "గోపాలపూర్ గాలి". జోరోఆర్క్ మాకు "యాత్రగాడు", ఎందుకంటే అది జట్టులో చివరివాడి వేషం వేసుకుని బరిలోకి దిగుతుంది. రెండేళ్ళకోసారి మా ఊరి ఠాకురాణి యాత్రలో వేషాలు చూసినవాళ్ళకి ఇంకేం వివరించనక్కర్లేదు. పులి వేషంలో ఉన్నది మన పక్కింటి అబ్బాయని దగ్గరికొచ్చి నవ్వేదాకా తెలీదు.

పేర్లు పెట్టాక రెండువారాలు ఆడితే ఇంగ్లీషు మాట దానంతటదే కంటికి అలవాటవుతుంది. మా దగ్గర ఆరో తరగతి పిల్లాడు "పారలిసిస్" స్పెల్లింగు తప్పు లేకుండా రాస్తాడు. "హాస్పిటల్" రాయలేడు.

ప్రశ్న: మా దగ్గర ఈ ఆట ఆడే నింటెండో స్విచ్ లేదు, కొనే స్తోమతా లేదు. జట్టు కట్టాలని మాత్రం చాలా ఉంది.
పేరు వద్దన్నారు, ఛత్రపురం

జవాబు: పోకెమాన్ షోడౌన్ అని ఉంది. బ్రౌజర్లోనే ఆడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. చేపలు పట్టే పని, సీసాలు కొనే పని ఉండదు. ఆరుగురి పేర్లు, వాళ్ళ ఎత్తులు, ఈవీలు నొక్కి నేరుగా యుద్ధానికి దిగడమే. పాత ఫోనైనా చాలు. స్విచ్ ఉన్నవాళ్ళు కూడా జట్టుని ముందు అక్కడ పరీక్షించుకుని తరవాతే సీసాలు కొంటారు.

అది కూడా లేకపోతే కాగితం. నేను తమాషాకి అనట్లేదు. 2013 అక్టోబరు 12న పోకెమాన్ ఎక్స్, వై ఆటలు ప్రపంచమంతా ఒకేరోజు విడుదలయ్యాయి. అదే రోజు రాత్రి పైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఈవీ ఎంత చేరిందో గీత బొమ్మలో చూపించే ఆట అదే మొదటిది, నేను నెలల తరబడి ఎదురుచూసింది. ఆ రాత్రి నేను చూసింది మా వంటింటి రేకు లేచిపోవడం. తెల్లారేసరికి మగ్గం గుంతలో మోకాలి లోతు నీళ్ళు. నాన్న తడిసిన పట్టు చుట్టలు ఒక్కోటీ పిండి తాడు మీద ఆరేస్తున్నాడు. నా పాత డీఎస్ ఆట యంత్రంలో ఛార్జి రెండోరోజుకి అయిపోయింది. మా వీధికి కరెంటు రావడానికి వారం దాటింది. పగలు పట్టు ఆరబెట్టడం, రాత్రి కిరసనాయిలు దీపం ముందు కూర్చుని నాన్న తడి తగలకుండా దాచుకున్న గళ్ళ కాగితం వెనకవైపు జట్లు రాసుకోవడం. ఎడమవైపు నా ఆరుగురు, కుడివైపు నన్ను ఓడించగలవాళ్ళు, మధ్యలో గీతలు. కుడివైపు ఒకే పేరుకి నాలుగు గీతలు వచ్చిపడితే జట్టు మార్చాలని అర్థం. వారంలో పదకొండు జట్లు కొట్టేశాను. పన్నెండోది ఇవ్వాళ్టికీ కొద్ది మార్పులతో ఆడుతున్నాను. ఇప్పుడు కూడా ఎవరైనా బెంచీ మీదికి కొత్త జట్టుతో వస్తే ముందు కాగితం ఇస్తాను, ఫోను తరవాత.

ప్రశ్న: అంకుల్, మా చెల్లి తన మాజికార్ప్‌ని గ్యారడోస్ కానివ్వనంటోంది. జట్టులో కూడా మాజికార్ప్‌నే పెడతానంటోంది. వద్దని మీరు చెప్పండి.
ఐదో తరగతి, బరంపురం

జవాబు: నేను చెప్పను. 20వ లెవెల్ నుంచి అది మారబోయినప్పుడల్లా బీ బటన్ నొక్కమను, లేకపోతే ఎవర్‌స్టోన్ పట్టించమను. 25కి వచ్చాక ఫ్లెయిల్ నేర్చుకుంటుంది. ప్రాణం తక్కువ ఉన్నకొద్దీ బలం పెరిగే దెబ్బ అది, బొట్టు ప్రాణం మిగిలినప్పుడు బలం 200. ఫోకస్ సాష్ కడితే నిండు ప్రాణం మీద పడిన ఎంత పెద్ద దెబ్బకైనా 1 ప్రాణంతో బతుకుతుంది. ఆ తరవాతి వంతులో 200తో కొట్టొచ్చు. దాని దాడి మూల విలువ 10 కాబట్టి ఎవరూ పడకపోవచ్చు, పక్కనున్న రెండోవాడు దాన్ని అంతకంటే ముందే కొట్టేయనూవచ్చు.

వేగం మాత్రం తక్కువేం కాదు. మూల వేగం 80. జాలీ స్వభావం, వేగంలో 252 పెడితే 50వ లెవెల్లో 145. పర్లాకిమిడి అన్నయ్య క్యాండీలు పెట్టి పెంచిన చారిజార్డ్‌ది 120. ఈ సంగతి మీ చెల్లికి చెప్పు, ఆ అన్నయ్యకి చెప్పకు.